పాసు దొరికినా కుర్చీ ఖాళీ: నల్లగొండలో ఒకే మైదానం, రెండు పాసుల పంపిణీలు

నల్లగొండ పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్ళకు వినిపించే ఒక కమ్యూనిటీ రేడియోలో కార్యక్రమాల బాధ్యత నాది. జానపద పాటల కచేరీ పెట్టిన నిర్వాహకులు మాకు ఎనభై పాసులు ఇచ్చి, శ్రోతలకు పంచమన్నారు. కొన్ని నెలల తర్వాత అదే మైదానంలో మరో కచేరీ పెట్టి, మళ్ళీ అన్నే పాసులు ఇచ్చారు. మొదటిసారి స్టేషన్ ఫోన్లు తెరిపి లేకుండా మోగాయి, కచేరీ రాత్రి మాత్రం మా శ్రోతల కోసం వదిలిన వరసల్లో సగానికి పైగా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రెండోసారి ఫోన్లు బాగా తగ్గాయి, కుర్చీలు చాలక అదనంగా వేయించాల్సి వచ్చింది. ఈ తేడా ఎట్లా వచ్చిందో మిగతా చిన్న స్టేషన్ల వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా పరిధి, మా లెక్క

కమ్యూనిటీ రేడియోకు అనుమతించే శక్తి 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు. దాంతో పది, పదిహేను కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు పోయినంత దూరమే నేరుగా పోతాయి. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట అడ్డం ఉన్న చోట్ల గరగర వస్తుంది. తిప్పర్తి వైపు పోయేకొద్దీ సిగ్నల్ పలచబడుతుంది. అక్కడివాళ్ళలో చాలామంది మమ్మల్ని మొబైల్ యాప్‌లో వింటారు. ఈ విషయం ఎందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

లైసెన్సు నిబంధనల ప్రకారం ప్రభుత్వాలు, ప్రజోపయోగ సమాచారం ఇచ్చే సంస్థలు తప్ప ఇతరులు స్పాన్సర్ చేసే కార్యక్రమాలు మేము ప్రసారం చేయకూడదు. స్థానిక వేడుకల గురించి, స్థానిక వ్యాపారాల గురించి ప్రకటనలు ఇవ్వొచ్చు. గంటకు 7 నిమిషాలున్న ప్రకటనల పరిమితిని 2024లో 12 నిమిషాలకు పెంచారు. ప్రభుత్వ ప్రకటనల రేటు 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలైంది. అంటే కచేరీ ప్రకటనకు నిర్వాహకులు మాకిచ్చే డబ్బు చాలా చిన్నది. శ్రోతలకు పాసులు ఇవ్వడమే ఇద్దరికీ అసలు లాభం. వాళ్ళకు జనం వస్తారు, మాకు శ్రోతలతో బంధం గట్టిపడుతుంది.

ఇక శ్రోతలెంతమందో మాకు ఎవరూ చెప్పరు. రేడియో శ్రోతలను కొలిచే ర్యామ్ సర్వే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు నగరాలకే జరిగింది. హైదరాబాద్‌కే లేని కొలత నల్లగొండకు ఎక్కడిది? అందుకే పాసులు పంచిన రోజు వచ్చే ఫోన్ల సంఖ్యను చిన్న స్టేషన్లు రేటింగ్‌లాగా చూస్తాయి. నిర్వాహకులూ దాన్నే అడుగుతారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

మొదటి పంపిణీ: ముందు ఫోన్ చేసినవాళ్ళకే

నవంబర్ నెల. నిర్వాహకుల షరతు ఒకటే: ప్రశ్న అడగాలి, ముందుగా సరైన జవాబు చెప్పినవాళ్ళకు రెండు పాసులు ఇవ్వాలి, మొత్తం ఎన్ని కాల్స్ వచ్చాయో రాసివ్వాలి. ప్రకటనలిచ్చే దుకాణాలకు చూపించుకోవడానికి వాళ్ళకు ఆ అంకె కావాలి. ప్రశ్నలు తేలికైనవే. ఛాయా సోమేశ్వరాలయం ఏ ఊళ్ళో ఉందంటే నల్లగొండలో తెలియనిది ఎవరికి? జవాబు అందరికీ తెలిసినప్పుడు పోటీ తెలివికి కాదు, లైన్ దొరకడానికి.

లైన్ ఎవరికి దొరికిందో చూస్తే ఆ పద్ధతి సంగతి అర్థమవుతుంది. రేడియో సెట్టులో మాట వెంటనే వినిపిస్తుంది. యాప్‌లో అదే మాట పావు నిమిషం, ఒక్కోసారి అర నిమిషం ఆలస్యంగా చేరుతుంది. గుట్టల చాటున, తిప్పర్తి దిక్కున యాప్‌లో వినేవాళ్ళు ప్రశ్న వినేసరికే లైన్ బిజీ. చిన్న ఫోన్లో రేడియో వినేవాళ్ళది ఇంకో కష్టం. ఇయర్‌ఫోన్ వైరే దానికి యాంటెన్నా, కాల్ కలిపితే రేడియో ఆగిపోతుంది, అసలు తమ వంతు వచ్చిందో లేదో కూడా తెలియదు. పక్కన రేడియో పెద్దగా పెట్టుకుని ఫోన్ చేసిన వాళ్ళకు "కొంచెం రేడియో సౌండ్ తగ్గించండమ్మా" అని చెప్పేలోపే అర నిమిషం పోతుంది. ఇవేవీ అడ్డం రానివాళ్ళు క్లాక్ టవర్ చుట్టుపక్కల మొబైల్ షాపుల్లో పనిచేసే పిల్లలు, హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు. ఒకే చోట కూర్చుని నాలుగైదు ఫోన్లతో ఒకేసారి రీడయల్ కొట్టేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. పోటీని అట్లా పెట్టినప్పుడు గెలిచేది వాళ్ళే.

ఫోన్లు ఎత్తే వాలంటీర్ అమ్మాయి తన నోటుబుక్కులో ఒక పని చేసింది. ప్రతి కాల్ పక్కన పేరు, ఊరుతో పాటు, ఆ మనిషి ఏం అడిగారో ఒక్క మాటలో రాసుకుంది: పాసు, పాట, పేరు. పాసులు అయిపోయాయని చెప్పాక పెట్టేస్తారనుకున్న కాల్స్ పెట్టేయలేదు. "ఫరవాలేదమ్మా, మా మనుమరాలి పుట్టినరోజు, పేరు చెప్పి ఒక పాట వెయ్యి" అని అడిగినవాళ్ళు ఎందరో. ఆ పేజీలు తిరగేస్తే పాసు అని రాసి ఉన్న కాల్స్ కంటే పేరు, పాట అని ఉన్నవే ఎక్కువగా కనిపించాయి. రేడియోలో తన గొంతు వినిపించాలని, ఇంట్లోవాళ్ళ పేరు వినిపించాలని చేసే ఫోన్ వేరు. కచేరీకి పోవాలని చేసే ఫోన్ వేరు. రెండూ ఒకే నంబరుకు, ఒకే గంటలో వస్తాయి కాబట్టి మొత్తాన్ని కచేరీకి గిరాకీ అని రాసిచ్చేస్తాం. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన ఆధారం ఆ నోటుబుక్కే.

కచేరీ రాత్రి ఖాళీ కుర్చీల సంగతి చెప్పాను. గేటు దగ్గర మా స్టేషన్ స్టాంపు ఉన్న పాసులు వంద రూపాయలకు చేతులు మారాయి. మరునాటి నుంచి గెలిచినవాళ్ళందరికీ ఫోన్ చేసి, ఎందుకు రాలేదని కాకుండా, రావడానికి ఏం అడ్డమొచ్చిందని అడిగాం. అట్లా అడిగితే మనుషులు మొహమాటం లేకుండా చెబుతారు.

దండెంపల్లి దిక్కు నుంచి ఒక అక్క చెప్పిన మాట: "పాసు దొరికింది మేడమ్, సంతోషమే. గని రాత్రి పదింటికి ఒడిస్తే మల్ల ఇంటికెట్ల పోవాలె? నైట్ హాల్ట్ బస్సు ఎనిమిదింటికే ఎల్లిపోతది. ఆటో మాట్లాడుకుంటే నాలుగొందలు అడుగుతడు. గా పైసలకు టికెట్టే కొనుక్కోవచ్చు."

కనగల్ వైపు ఒక పెద్దాయన చెప్పింది ఇంకోటి: "వడ్లు సెంటర్ల పోసినం బిడ్డా, ఇంక కాంటా కాలే. రాత్రి పూట కుప్ప కాడ ఎవరుండాలె?"

పాసు ఉచితం, ప్రయాణం కాదు

ఆ జవాబులన్నీ పక్కపక్కన పెట్టుకుంటే పాటల మీద ఇష్టం లేక రానివాళ్ళు దాదాపు లేరు.

బస్సు సంగతి ముందు. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు జీరో టికెట్. పల్లె నుంచి నల్లగొండకు రావడానికి వాళ్ళకు ఖర్చు లేదు. కానీ ఊళ్ళో రాత్రి ఆగి పొద్దున్నే బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు కచేరీ సగంలో ఉండగానే వెళ్ళిపోతుంది. లౌడ్ స్పీకర్లు రాత్రి పది దాటాక మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి కాబట్టి కచేరీ పదికి ఆగుతుంది. పేరున్న గాయకులు చివరి గంటలోనే వేదిక ఎక్కుతారు. అంటే బస్సుకు పోవాలనుకున్న మనిషి తను వినాలనుకున్న గొంతును వినకుండానే లేవాలి. యూట్యూబ్‌లో రోజూ వినే గాయనిని కళ్ళారా చూద్దామని వచ్చిన మనిషి ఆమె రాకముందే ఎందుకు లేస్తుంది? దానికంటే ఇంట్లో ఉండడమే మేలనుకుంటుంది.

రెండోది, పాసుల జత. నగరంలో రెండు పాసులంటే ఇద్దరు స్నేహితులు, లేదా భార్యాభర్తలు. మా ఊళ్ళలో ఒక ఆడమనిషి రాత్రిపూట పాటలకు బయల్దేరిందంటే తోడికోడలు, పక్కింటి వదిన, ఒకరిద్దరు పిల్లలు కలిసి బయల్దేరుతారు. రెండే పాసులు ఉంటే ఎవరిని వదిలి ఎవరు పోవాలన్నది ఇంట్లో తగువు. అందుకే ఎవరూ పోరు. మూడోది, నవంబర్ నెల. వానాకాలం వడ్లు ఐకేపీ సెంటర్లలో, అంటే సర్కారు వడ్లు కొనే చోట్ల పోసి, కాంటా కోసం ఎదురుచూస్తూ, మబ్బు పట్టిందంటే గుండె దడదడలాడే రోజులవి. కప్పడానికి టార్పాలిన్ చూసుకునే ఇంటికి మనం పాటల కచేరీ పాసు ఇస్తున్నాం.

టికెట్ ధర ఇందులో చిన్న విషయమే. కచేరీ టికెట్ మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ ఉండదు. నిర్వాహకులు ఆ గీత లోపలే ధరలు పెట్టారు. ఆ ధరను మా శ్రోతల్లో చాలామంది భరించగలరు. వాళ్ళు భరించలేనిది రాత్రి పది తర్వాత ఇంటికి చేరే దారి.

రెండో పంపిణీ

ఫిబ్రవరిలో అదే నిర్వాహకులు మళ్ళీ వచ్చారు. చెరువుగట్టు జాతర రోజులు దాటాక తేదీ పెట్టుకున్నారు. యాసంగి కోతలకు ఇంకా టైముంది, ఇంటర్ పరీక్షలు మొదలు కాలేదు. ఈసారి పంపిణీ పద్ధతి మాకు వదిలేస్తేనే పాసులు తీసుకుంటామని చెప్పాం. కొంత చర్చ జరిగింది. చివరికి ఒప్పుకున్నారు.

ముందు ఆ రెండు రకాల ఫోన్లను విడదీశాం. పేరు, పాట అడిగేవాళ్ళకు శనివారం సాయంత్రం ఒక గంట కేటాయించి, అందులో పాసుల మాటే ఎత్తలేదు. పాసులకు వేరే నంబరు ఇచ్చి, మిస్డ్ కాల్ చాలన్నాం. మూడు రోజులు, పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎప్పుడైనా ఇవ్వొచ్చు. దాంతో యాప్‌లో ఆలస్యంగా విన్నా, పొలం నుంచి వచ్చాక విన్నా నష్టం లేదు. ఒక నంబరుకు ఒక్క నమోదు. మిస్డ్ కాల్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వాలంటీర్లు తిరిగి ఫోన్ చేసి ఏ ఊరు, ఎవరెవరు వస్తారు, తిరిగి ఎట్లా పోతారు అని అడిగారు. మూడో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగి ఆలోచించారు. "మాట్లాడుకుని రేపు చెప్త" అన్నవాళ్ళకు మరునాడు మళ్ళీ ఫోన్ చేశాం. కొందరు తమంతట తామే వద్దనుకున్నారు. ఫోన్ అలవాటు లేని ఆడవాళ్ళ కోసం వాలంటీర్లు మహిళా సంఘాల మీటింగులకు వెళ్ళి పేర్లు రాసుకొచ్చారు.

పాసులు నాలుగేసి చొప్పున కట్టలు కట్టాం. ఎనభై పాసులంటే ఇరవై కట్టలు. నమోదైన ఊళ్ళను దారులవారీగా విడదీసి, ఒక్కో దారికి ఒక్కో స్టీలు డబ్బా పెట్టి, చీటీలు వేసి, స్టూడియోలోనే శ్రోతల చేత తీయించాం. డబ్బా మూత తెరిచిన చప్పుడు, చీటీ మడత విప్పిన చప్పుడు మైకులో వినిపించాలని నేను పట్టుబట్టాను. చీటీ తీసేది కంటికి కనిపించని చోట శ్రోతకు నమ్మకం కలిగించేది ఆ చప్పుళ్ళే. ప్రతి దారికి కొన్ని పేర్లు వెయిటింగ్ లిస్టులో తీసి ఉంచాం.

ఫలితాలు రేడియోలో మూడు పూటలు చదివాం. ఉచితంగా ఇస్తామన్న బహుమతుల స్కీము ముగిశాక తుది ఫలితాలు పాల్గొన్నవాళ్ళకు చెప్పకుండా దాచడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎవరికి వచ్చాయో చెప్పని స్టేషన్‌ను జనం ఇంకోసారి నమ్మరు. అయితే ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు గాలిలోకి వదలకూడదు కాబట్టి ఊరి పేరు, నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే చదివాం. రాసుకున్న నంబర్ల జాబితా కచేరీ ముగిశాక చించేస్తామని ముందే చెప్పాం, చించేశాం. నిర్వాహకులు ఆ జాబితా అడిగారు, ఇవ్వలేదు.

ఇక్కడ ఎదురైన ఒక విషయం చాలామందికి కొత్తగా ఉండొచ్చు. గెలిచినవాళ్ళకు ఫోన్ చేసి "మీకు పాసులు వచ్చాయి" అనగానే కొందరు ఠక్కున పెట్టేశారు. లాటరీ తగిలిందని చెప్పి ఖాతాలు ఊడ్చే సైబర్ మోసాల గురించి మేమే ఏడాది పొడుగునా రేడియోలో చెబుతాం, అనుమానం వస్తే 1930కి ఫోన్ చేయమంటాం. వాళ్ళు మా మాట విన్నారు! ఆ రోజే ప్రసారం మార్చాం. ఏ నంబరు నుంచి ఫోన్ వస్తుందో గంటగంటకు చదివి, ఓటీపీ గానీ డబ్బులు గానీ అడగమని చెప్పాం. ఆ తర్వాత ఫోన్లు ఎత్తారు.

తిరుగు ప్రయాణానికి దారికొకటి చొప్పున టాటా మ్యాజిక్‌లు, ఆటోలు మాట్లాడి, మనిషికి ముప్పై రూపాయలు ఖాయం చేశాం. డ్రైవర్లందరూ ఆ ఊళ్ళవాళ్ళే అయ్యేట్టు చూశాం. "మా ఊరి పిలగాడే తోల్తడట" అన్న మాట ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర చేసే పని ఏ ప్రకటనా చేయలేదు. నిర్వాహకులతో మాట్లాడి కచేరీని సాయంత్రం ఐదున్నరకే కోలాటం బృందాలతో మొదలుపెట్టించాం. ముఖ్య గాయకులు ఏడింటికి ఎక్కారు, తొమ్మిదిన్నరకు ముగిసింది. ముందురోజు మధ్యాహ్నం లోపు వస్తామని ఖాయం చెప్పనివాళ్ళ కట్టలు వెయిటింగ్ లిస్టుకు వెళ్ళిపోయాయి.

ఏం తేలింది, ఏం తేలలేదు

మా వరసలు నిండాయి. నలుగురి పాసు మీద ఐదో మనిషిని తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు కుర్చీలు వేయించాం. గేటు దగ్గర మా స్టాంపు పాసు అమ్మకానికి కనిపించలేదు. నమోదు చేసుకున్నవాళ్ళు మాత్రం మొదటిసారి వచ్చిన కాల్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. నిర్వాహకులు మొదట డీలా పడ్డారు, గిరాకీ పడిపోయిందేమో అన్నారు. మేము ఊళ్ళవారీ జాబితా చేసి, పేర్లు లేకుండా, ఏ దారి నుంచి ఎంతమంది వచ్చారో రాసిచ్చాం. ప్రకటన ఇచ్చిన బట్టల దుకాణం యజమాని ఆ కాగితం చూసి, కనగల్ దారి నుంచి ఇంతమంది ఆడవాళ్ళు వచ్చారా అని అడిగారు. ఆయనకు కావాల్సింది కాల్స్ సంఖ్య కాదు, తన దుకాణానికి రాగల మనిషి ఎక్కడున్నారన్నది.

తేలనివీ ఉన్నాయి. నాలుగు పాసుల కట్ట పద్ధతిలో ఒంటరి మనిషి నష్టపోతాడు. పానగల్‌లో ఒకప్పుడు భజనలకు హార్మోనియం వాయించిన ఒక తాత ఒక్క పాసు అడిగితే మా దగ్గర విడి పాసు లేదు. వెయిటింగ్ లిస్టులో మిగిలిన ఒకటి సర్దాం గానీ, అది పద్ధతి కాదు, అదృష్టం. హాస్టల్ విద్యార్థులు తమను పక్కన పెట్టేశారన్నారు. వాళ్ళ మాటలో న్యాయముంది. పట్టణంలో ఉండేవాళ్ళకు తిరుగు ప్రయాణం సమస్య కాదు కాబట్టి వాళ్ళకు వేరే డబ్బా ఉండాలి, మేము పెట్టిన దారులన్నీ పల్లెలవే. తిప్పర్తి అంచున యాప్‌లో వినేవాళ్ళ నుంచి నమోదులు ఈసారి వచ్చాయి, కానీ వాళ్ళు నిజంగా ఎంతమందో ఇంకా అంచనాకు అందలేదు. తేదీ మారడం వల్ల వచ్చిన లాభమెంత, పద్ధతి మారడం వల్ల వచ్చిన లాభమెంత అన్నది కూడా ఈ రెండు కచేరీలతో విడదీసి చెప్పలేను. కోతల కాలంలో ఇదే పద్ధతి పెట్టి చూడాలి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకో కారణముంది. 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్ళ వేలానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మూడూ ఉన్నాయి, ఒక్కోదానికి మూడేసి చానళ్ళు. అవి వస్తే పాసుల పంపిణీ మా ఎనభైతో ఆగదు. ముందు ఫోన్ చేసినవాళ్ళకే అన్న నగరం పద్ధతి అట్లాగే ఇక్కడికి దిగితే, పట్టణం నడిబొడ్డున ఉన్న ఫోన్లే మోగుతాయి. పల్లె శ్రోతలకు పాటలంటే ఇష్టం లేదని ఎవరో ఒకరు రాసేస్తారు. అది జరగకూడదనే నా ఆరాటం.

మా స్టేషన్ వరకు, పాసులు ఇస్తామని ఇప్పుడు ఎవరు వచ్చినా ఒక కాగితం చేతికిస్తున్నాం. కచేరీ ఎన్నింటికి ముగుస్తుంది, ముఖ్య గాయకులు ఎన్నింటికి ఎక్కుతారు, బండ్లు నిలపడానికి గేటు పక్కన చోటిస్తారా, విడి పాసులు ఎన్ని ఇస్తారు అన్న నాలుగు ప్రశ్నలు అందులో ఉంటాయి. ఆ నాలుగింటికీ జవాబు రాసి సంతకం పెట్టాకే పాసుల మాట రేడియోలో చెబుతాం.